మ్యాథ్స్ పోటీలో తర్వాతి రౌండ్‌కి ఎలా ప్రిపేర్ అవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి రౌండ్ రిజల్ట్స్ వచ్చిన మర్నాటి నుంచి నాకు వచ్చే మెసేజీలు దాదాపు అన్నీ ఒకే రకంగా ఉంటాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ, చివరికి అన్నీ ఒకచోట రాసి పెడితే నాకూ మీకూ తేలికని ఈ పని పెట్టుకున్నాను. హైస్కూల్లో ఉన్నప్పుడు ఇలాంటి పోటీలు రాశాను, ఇప్పుడు రాసే పిల్లల ప్రాక్టీస్ పేపర్లు దిద్దుతుంటాను, అంతకుమించి నాకు వేరే అర్హతలేం లేవు. మీ మొదటి రౌండ్ టిక్కులు పెట్టేదో, చివరి సమాధానం మాత్రం రాసేదో అయ్యుండి, తర్వాతి రౌండ్‌లో పూర్తి సాధన రాయమంటున్నారనుకుని రాస్తున్నాను, ఎందుకంటే అందరూ తడబడేది అక్కడే.

సెలెక్ట్ అయ్యాను. ముందుగా ఏం చేయాలి?

ఒకరోజు హాయిగా తిరగండి. ఆ తర్వాత మొదటి రౌండ్ పేపరే మళ్ళీ ముందేసుకుని కూర్చోండి. తప్పు పోయినవి ఎలాగూ చూస్తారు, నేను చూడమనేది ఒప్పయినవి. వాటిలో నిజంగా తెలిసి చేసినవి ఎన్ని, ఆప్షన్లు ఒక్కొక్కటీ పెట్టి చూసి పట్టుకున్నవి ఎన్ని, రెండు మూడు విలువలు వేసి చూసి "ఇదే అయ్యుంటుందిలే" అని రాసేసినవి ఎన్ని? ఈ మూడో రకం పక్కన చుక్క పెట్టుకోండి. మొదటి వారం మీ పని ఆ చుక్కలున్న లెక్కలు మాత్రమే. ఒక్కోదానికి పూర్తి నిరూపణ రాయండి. కొత్త పుస్తకాలు, కొత్త చాప్టర్లు తర్వాత చూసుకోవచ్చు.

పనిలో పనిగా మీ పోటీ నియమాలు ఒకసారి చదవండి. ఎన్ని లెక్కలు, ఎంత టైమ్, ఒక్కోదానికి ఎన్ని మార్కులు, తప్పుకి మైనస్ ఉందా, ఏమేం తీసుకెళ్ళనిస్తారు అన్నవి ఆ రోజు హాల్లో తెలుసుకునే విషయాలు కావు.

మొదటి రౌండ్‌కీ దీనికీ అసలు తేడా ఏంటి?

మొదటి రౌండ్‌లో లెక్కలు ఎక్కువ, టైమ్ తక్కువ. పైకి వెళ్ళేకొద్దీ ఇది తిరగబడుతుంది. అన్నిటికంటే పై మెట్టు చూస్తే సంగతి అర్థమవుతుంది. 1959లో రొమేనియాలో 7 దేశాలతో మొదలైన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో ఇప్పుడు రెండు రోజులు పరీక్ష ఉంటుంది, రోజుకి నాలుగున్నర గంటల్లో మూడే లెక్కలు. ఒక్కోదానికి 7 మార్కులు, మొత్తం 42. అంటే ఒక లెక్కకి గంటన్నర. మీ రౌండ్ అంత దూరం ఉండకపోవచ్చు గానీ వెళ్ళే దారి మాత్రం అదే. స్పీడు మీద గెలిచి వచ్చినవాళ్ళకి ఇక్కడ ఒక్కసారిగా కాళ్ళు కట్టేసినట్టు ఉంటుంది. ఇరవై నిమిషాలు గడిచినా పేపరు మీద ఏమీ పడకపోతే చెమటలు పడతాయి. ఇక్కడ అది మామూలే.

కాలిక్యులస్ నేర్చుకోవాలా? సిలబస్ ఎంత?

అక్కర్లేదు. ఇలాంటి పోటీల్లో దాదాపు ఎక్కడైనా నాలుగే విభాగాలు: బీజగణితం, జ్యామితి, సంఖ్యావాదం (పూర్ణాంకాల గుణాలు), కాంబినేటరిక్స్ (ఎన్ని రకాలుగా వీలవుతుందో లెక్కపెట్టడం లాంటివి). అంతర్జాతీయ స్థాయిలో కూడా కాలిక్యులస్ అవసరమయ్యే లెక్కలు ఇవ్వరు. స్కూల్లో చెప్పని విషయాలు కొన్ని నేర్చుకోవాలి, శేషాలతో పని చేయడం, గణితానుగమనం, పావురాల గూళ్ళ సూత్రం (గూళ్ళ కంటే పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూట్లో కనీసం రెండు ఉంటాయి), అంకమధ్యమం గుణమధ్యమం అసమానత, వృత్తంలో చతుర్భుజాల లాంటివి. ఈ జాబితా చూసి హడలిపోయేంత ఏం లేదు. నిజం చెప్పాలంటే చాలామంది ఓడిపోయేది తెలియని సిద్ధాంతం వల్ల కాదు, తెలిసినదాన్ని కాగితం మీద నిలబెట్టలేక.

ప్రూఫ్ రాయడం రావట్లేదు. సమాధానం తెలుసు, మార్కులు రావట్లేదు. ఎందుకు?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. 1959లో ఆ మొట్టమొదటి ఒలింపియాడ్‌లో మొట్టమొదటి లెక్క తీసుకుందాం: ఎన్ ఏ సహజ సంఖ్య అయినా సరే, లవం 21ఎన్ + 4, హారం 14ఎన్ + 3 ఉన్న భిన్నాన్ని ఇక కుదించలేమని నిరూపించండి.

నాకు వచ్చే పేపర్లలో సగం ఇలా ఉంటాయి: "ఎన్ = 1 అయితే 25/17. ఎన్ = 2 అయితే 46/31. ఎన్ = 3 అయితే 67/45. ఏదీ కుదరట్లేదు. కాబట్టి ఎప్పుడూ కుదించలేం." దీనికి సున్నా. రాసినవాళ్ళకి కోపం వస్తుంది, అన్నీ నిజాలే కదా అని. నిజాలే, కానీ మూడు భిన్నాల గురించి. మిగతా అనంతమైనవాటి సంగతి ఎవరు చెప్పాలి?

ఇంకొందరు ఇలా రాస్తారు: "రెండిటి గ.సా.భా. 1 అని స్పష్టంగా తెలుస్తోంది." ఎవరికి తెలుస్తోంది? నేను హైస్కూల్లో ఉండగా నా రెండో రౌండ్ పేపర్లో ఈ "స్పష్టంగా" అన్న మాట నాలుగుచోట్ల రాశాను. తర్వాత చూసుకుంటే ఆ నాలుగుచోట్లా నాకు స్పష్టంగా లేదు, అందుకే ఆ మాట వాడాను. అప్పటినుంచి ఎవరి పేపరు దిద్దినా ముందు ఆ మాట కోసమే వెతుకుతాను, దొంగ దొరికేది అక్కడే.

ఇప్పుడు సరైనది చూడండి. "21ఎన్ + 4నీ, 14ఎన్ + 3నీ రెండిటినీ భాగించే ధన పూర్ణాంకం డి అనుకుందాం. అప్పుడు డి, 2 × (21ఎన్ + 4) = 42ఎన్ + 8ని భాగిస్తుంది. అలాగే 3 × (14ఎన్ + 3) = 42ఎన్ + 9ని కూడా భాగిస్తుంది. కాబట్టి వాటి తేడాని, అంటే 1ని, భాగించాలి. కాబట్టి డి = 1. రెండిటికీ 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేదు కనక భిన్నాన్ని కుదించలేం." అంతే, ఆరు వాక్యాలు. మొదటి వాక్యంలో డి ఎవరో చెప్పాం. ప్రతి "కాబట్టి" ముందు దానికి కావలసిన కారణం ఉంది. ఎన్‌కి ఏ విలువా వేయలేదు, అందుకే అన్నిటికీ పనికొస్తుంది.

2, 3 ఎక్కడి నుంచి వచ్చాయి అని అడుగుతారు. 21ని, 14ని సమానం చేసి ఎన్‌ని తప్పించాలి, 42 దగ్గర రెండూ కలుస్తాయి, అంతే. తమాషా ఏంటంటే ఇది మీరు పేపర్లో చెప్పనక్కర్లేదు. ఎలా తట్టిందన్నది మీ రఫ్ పేపరు వ్యవహారం, ఎందుకు నిజమన్నదే ఆన్సర్ షీటుకి కావాలి. ఈ రెండూ కలిపేసి మూడు పేజీల ఆత్మకథ రాసేవాళ్ళున్నారు, దిద్దేవాళ్ళకి నిరూపణ ఎక్కడ మొదలైందో వెతుక్కోవడమే సరిపోతుంది.

స్కూల్లో ఎప్పుడూ ఫుల్ మార్కులే. ఇక్కడ పాత పేపరు తీస్తే ఒక్కటీ రావట్లేదు. నేను పనికిరానా?

స్కూలు పరీక్షలో మీకు లెక్క చూడగానే పద్ధతి తెలుస్తుంది, ఎందుకంటే ఆ పద్ధతి ముందే నేర్పి ఆ లెక్క ఇచ్చారు. ఇక్కడ పద్ధతి కనిపెట్టడమే పరీక్ష. మొదటి రెండు వారాలు ఐదింటిలో ఒకటి వచ్చినా పర్వాలేదు.

ఒక్క లెక్క మీద ఎంతసేపు కూర్చోవాలి? సొల్యూషన్ ఎప్పుడు చూడాలి?

కనీసం గంట. కానీ "గంట" అంటే గంటసేపు లెక్కవైపు చూస్తూ ఉండటం కాదు. పది నిమిషాలకొకసారి రఫ్ పేపరు మీద కొత్తది ఏదైనా పడుతోందా? చిన్న కేసు, ఒక బొమ్మ, "ఇది కాకపోతే ఏమవుతుంది" అన్న ఒక ప్రశ్న, ఏదో ఒకటి. పడుతుంటే కొనసాగించండి, రెండు గంటలైనా సరే. ముప్పావు గంటగా అదే సమీకరణాన్ని అటు తిప్పి ఇటు తిప్పి రాస్తున్నారంటే పక్కన పెట్టి మర్నాడు మళ్ళీ తీయండి. మూడోరోజుకి కూడా కదలకపోతే అప్పుడు సొల్యూషన్ తెరవండి, అదీ మొదటి రెండు లైన్లు మాత్రమే, మిగతాది చేత్తో మూసేసి. ఆ క్లూతో మీరే ముందుకెళ్ళాలి.

మొత్తం చదివేశాక పుస్తకం మూసి, చూడకుండా మీ మాటల్లో రాయండి. ఇది చేయనివాళ్ళే ఎక్కువ. చదివినప్పుడు అన్నీ అర్థమైనట్టే ఉంటాయి, రాయబోతే మూడో లైన్ దగ్గర ఆగిపోతారు. వారం తర్వాత ఇంకోసారి రాయండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ప్రతి లెక్క కింద ఒకే ఒక వాక్యం రాసుకోండి: నాకు తట్టనిదేంటి? "4తో భాగిస్తే వచ్చే శేషాలు చూడాలని తట్టలేదు." ఇలాంటివి ముప్పై అయ్యాక మీ బలహీనత ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ నోట్‌బుక్కే చెబుతుంది.

లెక్క చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

చిన్న సంఖ్యలతో మొదలుపెట్టండి. ఎన్ = 1, 2, 3, 4 వేసి చేతులు మురికి చేసుకోండి. ఏదో ఒక వరుస కనిపిస్తుంది. కానీ ఆ వరుసని నమ్మకండి, అనుమానించండి. వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెండిటినీ గీతతో కలిపి, లోపల ఎన్ని ముక్కలయ్యాయో లెక్కపెట్టండి (మూడు గీతలు ఒకేచోట కలవకుండా చూసుకోవాలి). ఒక బిందువుకి 1, రెండిటికి 2, మూడిటికి 4, నాలుగిటికి 8, ఐదిటికి 16. ఆరుకి ఎంత? 32 అని అందరూ అంటారు. 31. నమ్మకపోతే గీసి చూడండి. అలాగే ఎన్² + ఎన్ + 41 అన్నది ఎన్ = 0 నుంచి 39 దాకా వరసగా ప్రధాన సంఖ్యలే ఇస్తుంది, నలభై సార్లు! 40 వేయగానే 41 × 41 వచ్చి కూర్చుంటుంది. చిన్న కేసులు దారి చూపిస్తాయి, సాక్ష్యం చెప్పవు.

రెండో అలవాటు, లెక్కలో ఇచ్చిన సంఖ్యని నిలదీయడం. "1 నుంచి 100 దాకా ఉన్న సంఖ్యల్లో ఏ 51 తీసుకున్నా వాటిలో రెండు పక్కపక్కవి ఉంటాయని చూపండి" అన్నారనుకోండి. 51 ఎందుకు? 50 అంటే ఏం పోయింది? 50 తీసుకోవాలంటే బేసి సంఖ్యలన్నీ తీసుకోవచ్చు, 1, 3, 5 అలా 99 దాకా, ఏ రెండూ పక్కపక్కన ఉండవు. ఓహో, 50 దాకా తప్పించుకోవచ్చు, 51తో దొరికిపోతాం. అయితే ఎక్కడో 50 గూళ్ళు ఉండాలి. (1, 2), (3, 4) అలా (99, 100) దాకా జతలు సరిగ్గా 50. ఆ జతల్లోంచి 51 సంఖ్యలు తీయాలంటే ఏదో ఒక జత మొత్తం రావాల్సిందే. లెక్క అయిపోయింది, అదీ సంఖ్యని ఒక్క ప్రశ్న అడిగినందుకు.

అసమానతల్లో సమాధానం దాదాపు వస్తుంది, చివర్లో తప్పు అంటారు. ఎక్కడ పోతోంది?

సమానత్వం ఎప్పుడొస్తుందో చూసుకోరు, అక్కడ. ఎక్స్ ధన సంఖ్య అయినప్పుడు (ఎక్స్ + 1/ఎక్స్)(ఎక్స్ + 4/ఎక్స్) కనిష్ఠ విలువ ఎంత? అంకమధ్యమం గుణమధ్యమం అసమానతతో మొదటి బ్రాకెట్ కనీసం 2, రెండోది కనీసం 4, కాబట్టి జవాబు 8. చక్కగా ఉంది, తప్పు. మొదటిది 2 అవ్వాలంటే ఎక్స్ = 1 కావాలి, రెండోది 4 అవ్వాలంటే ఎక్స్ = 2 కావాలి. ఒకే ఎక్స్ ఒకేసారి రెండుచోట్ల ఎలా ఉంటుంది? గుణించి చూడండి: ఎక్స్² + 5 + 4/ఎక్స్². మొదటిదీ చివరిదీ కలిపి కనీసం 4, మొత్తం కనీసం 9, ఎక్స్² = 2 దగ్గర నిజంగానే 9 వస్తుంది. లబ్ధం 8 కంటే తక్కువ కాదన్నది నిజమే, కానీ 8 ఎప్పటికీ రాదు. కనిష్ఠం, గరిష్ఠం అన్న మాట కనబడితే రెండు పనులు: హద్దు నిరూపించాలి, ఆ హద్దు దొరికే చోటు చూపించాలి. రెండోది ఒక్క లైనే, కానీ అది లేకపోతే మార్కు కోస్తారు.

జ్యామితికి ఏమైనా చిట్కా?

బొమ్మ పెద్దగా, స్కేలు కంపాస్‌తో, రెండుసార్లు వేరువేరుగా గీయండి. త్రిభుజం గీయమంటే సమద్విబాహు త్రిభుజంలా కనిపించేది గీయకండి, లేని సమానత్వాలు కళ్ళకి కనిపించి దారి తప్పిస్తాయి. బిందువు కొంచెం పక్కకి వేసిన బొమ్మతో "ప్రతి త్రిభుజమూ సమద్విబాహువే" అని నిరూపించేసే పాత గారడీ ఒకటుంది, అందులో ప్రతి స్టెప్పూ సరిగ్గానే ఉంటుంది, బొమ్మ ఒక్కటే అబద్ధం. బొమ్మలో కనిపించింది కాబట్టి నిజం అనుకున్నవి రఫ్ పేపర్లో వేరే రంగుతో రాసుకోండి, నిరూపించాక కొట్టేయండి. చివరికి ఏమైనా మిగిలితే అదే మీ లెక్కలో చిల్లు.

సిద్ధాంతాలు ఎన్ని బట్టీ కొట్టాలి?

తక్కువే. పేరున్న, అందరికీ తెలిసిన సిద్ధాంతాన్ని పేరు చెప్పి వాడుకోవచ్చు, కానీ దాని షరతులు ఇక్కడ సరిపోతున్నాయని రాయాలి. ఎవరికీ తెలియని పెద్ద సిద్ధాంతం పేరు చెప్పి లెక్కని ఒక్క దెబ్బతో కొట్టేస్తే, "అది నిరూపించు మరి" అని మార్కులు ఆపే అవకాశం ఉంది.

రోజుకి ఎన్ని గంటలు?

స్కూలు ఉన్న రోజుల్లో గంటన్నర, సెలవు రోజు మూడు నాలుగు. రోజుకి ఎనిమిది గంటలు చేశామని చెప్పేవాళ్ళలో చాలామంది సొల్యూషన్లు చదువుతుంటారు.

ఇంక రెండు వారాలే ఉంది. ఇప్పుడేం చేయగలను?

కొత్త చాప్టర్లు ముట్టుకోకండి. మీ పోటీ పాత పేపర్లు నాలుగు తీయండి. రోజు విడిచి రోజు ఒకటి, పూర్తి టైమ్ పెట్టుకుని, ఫోను వేరే గదిలో పెట్టి రాయండి. మధ్య రోజున మీ పేపరు మీరే దిద్దుకోండి, కానీ మీ శత్రువు రాసిన పేపరు అనుకుని దిద్దండి. ప్రతి లైన్ దగ్గరా "ఎందుకు?" అని అడగాలి. కుదిరితే ఫ్రెండుతో పేపర్లు మార్చుకోండి, ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకోవడంలో మనకున్న ఉత్సాహం మన తప్పుల మీద ఉండదు కదా. చివరి మూడు రోజులు తేలిక లెక్కలు శుభ్రంగా రాయడం, నిద్ర. అంతే.

సగం వచ్చిన లెక్కకి మార్కులు ఇస్తారా?

ఇస్తారు, కానీ మీరు అనుకున్నదానికి కాదు. నాలుగు పేజీలు నింపినందుకు రాదు. నిరూపణలో నిజంగా పనికొచ్చే ఒక మెట్టు పూర్తిగా నిరూపించి ఉంటే వస్తుంది. అందుకే దాన్ని మిగతా గందరగోళం నుంచి విడదీసి, "నేను ఇంతవరకు నిరూపించగలిగాను" అని విడిగా రాయండి. రాని భాగాన్ని వచ్చినట్టు కప్పిపుచ్చి రాస్తే దిద్దేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది, ఆ చిరాకుతో మిగతాది కూడా అనుమానంగా చదువుతారు. ఒకటి పూర్తిగా, మూడు అరకొరగా వచ్చాయంటే ఆ ఒక్కదాన్నీ తళతళలాడేలా రాయడం ముఖ్యం. అంతర్జాతీయ పోటీలో కూడా పతకం రాకపోయినా ఒక లెక్కకి 7కి 7 తెచ్చుకున్నవాళ్ళకి ప్రత్యేకంగా గుర్తింపు పత్రం ఇస్తారు.

పరీక్ష హాల్లో ఏ వరసలో చేయాలి?

మొదటి పది నిమిషాలు పెన్ను ముట్టకుండా అన్నీ చదవండి. మామూలుగా మొదటిది తేలిక, చివరిది కష్టం అన్నట్టు అమరుస్తారు, కానీ పేపరు పెట్టినవాళ్ళకి తేలికనిపించింది మీకు కష్టం కావచ్చు. తేలికది తట్టగానే మొత్తం శుభ్రంగా రాసేయండి, "ఐడియా వచ్చింది, తర్వాత రాస్తా" అని వదిలేస్తే చివరి పావుగంటలో మూడు ఐడియాలు ఒకేసారి రాయాల్సి వస్తుంది, నేనే అలా ఒక లెక్క మొత్తం పోగొట్టుకున్నాను. టైమ్ అయిపోవడానికి అరగంట ముందు కొత్త ఆలోచనలు ఆపి, రాసింది చదువుకోండి.

ప్రశ్నలో ఏదైనా అర్థం కాకపోతే అడగడానికి అవకాశం ఉంటే అడగండి, సిగ్గుపడకండి. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో మొదటి అరగంట దీనికోసమే ఇస్తారు, అక్కడివాళ్ళే అడుగుతారు.

చివరి లెక్క అస్సలు కదలకపోతే?

వదిలేయండి, ముందు చేసినవి సరిచూసుకోండి. 1988లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒలింపియాడ్‌లో ఆరో లెక్క ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఏ, బి ధన పూర్ణాంకాలై, ఏ² + బి² అన్నది ఏబి + 1తో నిశ్శేషంగా భాగించబడితే, భాగఫలం ఒక పూర్ణాంకపు వర్గమని చూపాలి. ఆ ఏడు దానికి పూర్తి మార్కులు 11 మందికే వచ్చాయి. అదే పోటీలో పదమూడేళ్ళ వయసుకి బంగారు పతకం తెచ్చుకుని, తర్వాత పెద్ద గణితవేత్త అయిన టెరెన్స్ టావో కూడా ఆ పదకొండు మందిలో లేడు. మిగతా లెక్కల మార్కులతోనే ఆయనకి పతకం వచ్చింది.

ఏఐని అడిగి నేర్చుకోవచ్చా?

లెక్క చేసిపెట్టమని అడిగితే మీ గంట పోతుంది, అంతకుమించి ఏం రాదు. మీరు రాసిన నిరూపణ ఇచ్చి తప్పులు వెతకమంటే కాస్త ఉపయోగం ఉంది, అదీ ప్రతి మాటా అనుమానంగా చదవగలిగితేనే, ఎందుకంటే అది కూడా "స్పష్టంగా" అని రాసి తప్పించుకుంటుంది.

మా పాప సెలెక్ట్ అయింది. కోచింగ్‌లో చేర్పించాలా? నాకు లెక్కలు రావు, నేనేం సాయం చేయగలను?

కోచింగ్ తప్పనిసరి కాదు. పేపరు దిద్ది ఎక్కడ చిల్లు ఉందో చెప్పే మనిషి ఒకరు మాత్రం కావాలి, అది టీచరైనా, పోయినేడు రాసిన సీనియరైనా. మీరు చేయగలిగింది ఒకటుంది, పాప చేసిన లెక్కని మీకు వివరించమనండి. మీకు అర్థం కాకపోయినా సరే, "అదెలా వచ్చింది?" అని మధ్యమధ్యలో అడగండి. చెబుతూ చెబుతూ తనే ఆగిపోయి "ఒక్క నిమిషం" అంటుంది చూడండి, సరిగ్గా అక్కడే తప్పు ఉంటుంది. ఎన్ని మార్కులొస్తాయని మాత్రం అడగకండి.

కాలిక్యులేటర్ ఉండొచ్చా? పెన్నా, పెన్సిలా?

నిరూపణ రౌండ్లలో మామూలుగా కాలిక్యులేటర్ ఉండదు, ఉన్నా పెద్దగా పనికిరాదు. రాత పెన్నుతో, బొమ్మలు పెన్సిల్‌తో. తప్పు రాసింది రబ్బరుతో తుడవకండి, ఒక్క గీతతో కొట్టేయండి, అరగంట తర్వాత అందులోదే ఒక లైన్ కావాల్సి రావచ్చు. పేజీకి ఒకవైపే రాసి, ప్రతి పేజీ మీదా లెక్క నంబరు, పేజీ నంబరు వేయండి. రఫ్ పేపర్లు తీసుకుంటామంటే అవి కూడా కలిపి ఇచ్చేయండి.